కంచం చూసి తల్లిని నిందించకండి

సంపాదకులకు,

నేటి తిండి వల్లా, మారిన సమాజం వల్లా మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మాట, మెలిగే తీరు వేరుగా ఉండే ఆటిజమూ, మానసిక రుగ్మతలూ పెరిగిపోతున్నాయన్న మాట ఈ మధ్య పత్రికల్లోనూ, నలుగురు కూర్చున్న చోటా తరచుగా వినిపిస్తోంది. ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబుకు తల్లిని నేను. ఆటిజాన్నీ, మానసిక రుగ్మతలనూ ఒకే గాటన కట్టడం వల్ల మాలాంటి ఇళ్లలో ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా బాబు పొడిగా, కరకరలాడే నాలుగైదు రకాలు తప్ప ఏదీ నోట పెట్టడు. కంచంలో ఒక పదార్థం మరొకదానికి తగిలితే కంచాన్నే నెట్టేస్తాడు. చూసినవాళ్లు ఇలాంటి తిండి పెట్టబట్టే పిల్లవాడు ఇలా అయ్యాడంటారు. జరుగుతున్నది దానికి తలకిందులు. వాసన, రుచి, మెత్తదనం వాడికి మనకంటే ఎంతో తీవ్రంగా తెలుస్తాయి కాబట్టే ఆ తిండి అంత కురచైపోయింది. ఆస్ట్రేలియా పరిశోధకులు 247 మంది పిల్లలను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం కూడా, ఆటిజం ఉన్న పిల్లలు కొద్ది రకాలే తినడం వల్ల పేగుల్లోని సూక్ష్మజీవుల్లో వైవిధ్యం తగ్గుతోందే తప్ప ఆ సూక్ష్మజీవులు ఆటిజానికి కారణమవుతున్నట్టు కనిపించడం లేదని సూచించింది. ఇదేమీ తెలియని రోజుల్లో, ఒకరి సలహా నమ్మి ఆరు నెలల పాటు గోధుమలు, పాలు పూర్తిగా మాన్పించాను. మాటలు రాలేదు, బరువు మాత్రం తగ్గాడు. తినే నాలుగింటిలో రెండు తీసేస్తే పిల్లవాడు ఏం తిని బతుకుతాడన్నది అప్పుడు నాకు తట్టనే లేదు.

తల్లిని నిలదీయడం కొత్త కాదు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తర్వాత, తల్లికి ప్రేమ లేకపోవడమే కారణమన్న వాదం దశాబ్దాల పాటు చెల్లుబాటైంది. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు కవల పిల్లలపై చేసిన అధ్యయనం జన్యువుల పాత్రను బయటపెట్టింది. అయిదు దేశాల్లోని 20 లక్షలకు పైగా పిల్లల వివరాలతో 2019లో వెలువడిన పరిశీలన, ఆటిజం విషయంలో కనిపించే తేడాల్లో సుమారు 80 శాతం వంశపారంపర్యమని అంచనా వేసింది. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంతో ఉన్నప్పుడు మూర్ఛకు వాల్‌ప్రోయేట్ అనే మందు వాడటం వంటివి కూడా ముప్పును పెంచుతాయి. ఇక సంఖ్యలు పెరగడంలో, ఒకప్పుడు లెక్కలోకి రాని పిల్లలను ఇప్పుడు గుర్తించగలగడానిది పెద్ద వాటా.

మానసిక ఆరోగ్యం సంగతి వేరు. అక్కడ తిండికీ సమాజానికీ పాత్ర ఉందని నేనూ ఒప్పుకుంటాను. కుంగుబాటుతో బాధపడుతున్న 67 మందితో ఆస్ట్రేలియాలో జరిగి, 2017లో వెలువడిన ప్రయోగంలో, 12 వారాలు ఆహారాన్ని మెరుగుపరచుకున్నవారిలో మూడోవంతు దాకా కోలుకోగా, ఆహారం మార్చకుండా, మాట్లాడటానికి ఒకరి తోడు మాత్రమే దొరికినవారిలో 8 శాతమే కోలుకున్నారు. అది చిన్న ప్రయోగమే అయినా తీసిపారేయదగ్గది కాదు. ఆటిజం ఉన్నవారిని ఆందోళన, కుంగుబాటు ఇతరులకంటే ఎక్కువగా వేధిస్తాయి. అందులో చుట్టూ ఉన్నవారి పాత్ర ఎంతో నేను కళ్లారా చూశాను. బడి గంట మోగితే మా బాబు చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయేవాడు, రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. గంటకు రెండు నిమిషాల ముందే వాణ్ని బయటికి పంపడం ఒక టీచరు మొదలుపెట్టాక ఆ కడుపునొప్పి పోయింది. ఆటిజం పోలేదు, పోవలసిన అవసరమూ లేదు.

ఆహారంతో ఆటిజం నయమవుతుందని ఎవరైనా ప్రకటిస్తే, అది ఎంతమంది పిల్లలపై, ఎవరితో పోల్చి తేల్చారో ఆ వార్తలోనే ప్రచురించాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి