చిట్టి దేశాల పోటీ, తాబేళ్ల నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వారికి, పోటీలో పాల్గొన్న వారికి, గెలిచిన వారికి నమస్కారం. విశాఖలో ఈ ఏడాది జరిపిన చిట్టి దేశాల పోటీ లెక్కలు ఇవి. బిల్లులు, రసీదులు అన్నీ కోశాధికారి ఫైల్లో ఉన్నాయి.

చందా ఇచ్చి పోటీకి రాలేకపోయిన వారి కోసం రెండు ముక్కలు. ఎవరూ గుర్తించకపోయినా సొంత జెండా ఎగరేసుకున్న బుల్లి దేశాలు లోకంలో చాలానే ఉన్నాయి. పిల్లలు అలాంటి దేశాన్ని తామే ఊహించి తయారు చేయడమే ఈ పోటీ. ఇంగ్లండ్ తీరానికి అవతల, యుద్ధకాలంలో కట్టిన సముద్రపు కోట మీద 1967లో సీలాండ్ పుట్టింది. గోధుమల కోటా గొడవతో 1970లో ఆస్ట్రేలియా నుంచి విడిపోయామని చెప్పుకున్న హట్ రివర్ పన్ను బాకీలు మీద పడి 2020లో మూతపడింది. ఆ కథ గుర్తుండే, రాజ్యాంగం విభాగంలో ఖజానా లెక్కకు కూడా మార్కులు పెట్టాం. మిగతా రెండు విభాగాలు జెండా, తపాలా బిళ్ల. 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం దేశానికి నాలుగు ఉండాలంటుంది: జనం, హద్దులు, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించగల శక్తి. పిల్లలకు హద్దుల దగ్గరే తంటా వచ్చింది. డాబా మీద దేశం పెట్టిన ఒకబ్బాయి మెట్ల విషయంలో కింది వాటా వాళ్లతో ఒప్పందం రాయించుకొచ్చాడు.

జమ: 46 ఎంట్రీలకు వంద చొప్పున రూ. 4,600. చందాలు రూ. 21,500. పిల్లల బిళ్లలను కార్డుల మీద అచ్చేసి అమ్మితే వచ్చినవి రూ. 3,740. మొత్తం రూ. 29,840.

ఖర్చు: ప్రైజులు రూ. 15,000 (ఒక్కో విభాగంలో మొదటిది 3,000, రెండోది 2,000). హాలు అద్దె 3,500, మైకుసెట్టు 1,500, ప్రింటింగు 4,280, టీ టిఫిన్లు 2,960, కొరియర్లు 640. మొత్తం రూ. 27,880. మిగిలింది రూ. 1,960.

ఇక తాబేళ్ల సంగతి. ప్రైజు డబ్బు వన్యప్రాణులకు ఇస్తే బాగుంటుందన్న మాట ముందు అన్నది జెండా విభాగంలో గెలిచిన అమ్మాయి. అంటార్కిటికాలో కొంత భూమి తమదంటూ 2008లో ఒక బెల్జియం వాసి మొదలుపెట్టిన ఫ్లాండ్రెన్సిస్ అనే బుల్లి దేశం, అక్కడ మనుషులే ఉండకూడదంటుందని చదివిందట. జూలో ఒక జంతువును దత్తత తీసుకుందామని కొందరు పెద్దలు అన్నారు. గెలిచిన పిల్లలు మాత్రం మన తీరానికే వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ఇవ్వాలన్నారు. డబ్బు వాళ్లది కాబట్టి వాళ్ల మాటే చెల్లింది.

ఆరుగురు విజేతల్లో అయిదుగురు రూ. 13,000 తిరిగి ఇచ్చారు. ఒకరు తన 2,000 ఉంచుకున్నారు. అది ఆ విజేత గెలుచుకున్న సొమ్ము, ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు. దయచేసి ఆ పేరు ఆరా తీయకండి. ‘ప్రైజులు ఖర్చులో రాసి, మళ్లీ జమలో ఎలా రాస్తారు’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ముందు డబ్బు విజేతల చేతికి ఇచ్చి సంతకం తీసుకున్నాం. తర్వాత వాళ్లు ఇచ్చిన దానికి విడిగా రసీదు రాశాం. చేతికి ఇవ్వకుండానే ‘దానం చేశారు’ అని మైకులో చెప్పేస్తే, వద్దనాలనుకున్న పిల్లలు ఏం చేస్తారు?

తాబేలు గుడ్లను ఎవరు పడితే వాళ్లు తవ్వి తీయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అందుకని అటవీ శాఖ అనుమతితో నడిచే ఒక హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకి) కావలసినవి అడిగి, కొని ఇచ్చాం. ఒక్క గూటిలో వంద పైనే గుడ్లుంటాయి. పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఈలోగా కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి కాబట్టి చుట్టూ కంచె ఉండాలి. నైలాన్ వలకు రూ. 4,600, వెదురు బొంగులకు, కట్టుతీగకు రూ. 3,150, గంపలు, బకెట్లకు రూ. 1,250 అయింది. మిగిలిన రూ. 4,000 రాత్రి కాపలా కూలి: 500 చొప్పున ఎనిమిది రాత్రులు. ఈ పద్దు మీద కమిటీలో వాదన నడిచింది. వలైతే కళ్లకు కనిపిస్తుంది, కూలి ఇస్తే కనిపించదని ఒకరి అభ్యంతరం. కానీ పుట్టిన తాబేలు పిల్లలు బీచి లైట్ల వైపు పోకుండా సముద్రం దారి పట్టించేది ఆ కాపలా మనిషే. వల ఆ పని చేయదు. విజేతలిచ్చిన 13,000లో ఒక్క రూపాయి కూడా టిఫిన్లకో, రవాణాకో వాడలేదు. సామాను ఆటో కిరాయి కమిటీ సభ్యులే పెట్టుకున్నారు.

కంచె మీద తన పేరుతో బోర్డు పెట్టాలన్న ఒక దాత కోరికను మన్నించలేకపోయాం. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగిన వారికి: మనది రిజిస్టరైన సంస్థ కాదు, పైగా హేచరీకి ఇచ్చింది ఎక్కువగా వస్తువులు. ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే వర్తిస్తుంది.

విజేతలిచ్చినదీ కలిపి మొత్తం జమ రూ. 42,840, మొత్తం ఖర్చు రూ. 40,880. నిల్వ రూ. 1,960 బ్యాంకులో ఉంది, వచ్చే ఏడాది హాలు అడ్వాన్సుకు వాడతాం. బిల్లులు చూడాలనుకునేవారు ఆదివారం ఉదయం రావచ్చు. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా రాసి ఇవ్వండి.

పోటీల కమిటీ