విండోస్ మధ్యలో ఆగితే ముందు డేటా, తర్వాతే ఫార్మాట్

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటినుంచి గుంటూరులోనూ విజయవాడలోనూ పాత ల్యాప్‌టాప్‌లకు ఇంట్లోనే విండోస్ 11 వేసుకునే ప్రయత్నాలు బాగా కనిపిస్తున్నాయి. ఇంజినీరింగ్ పిల్లలు కొందరు పక్కనే ఉబుంటూ (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) కూడా పెట్టుకుంటున్నారు. మంచిదే. చిక్కంతా ఆ పని మధ్యలో ఆగిపోయినప్పుడే. తెర నల్లబడి ‘నో బూటబుల్ డివైస్’ అని ఒక్క లైను కనబడగానే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. షాపుకు తీసుకెళితే కౌంటర్ దగ్గరే “ఫార్మాట్ కొట్టాలి, డేటా రాదు” అనేవాళ్లున్నారు. ఈ రెండో మాట చాలాసార్లు నిజం కాదు. ఇన్‌స్టలేషన్ చెడిపోవడం వల్ల ఫైళ్లు పోవడం తక్కువ, చెడిపోయాక తొందరపడి చేసే పనివల్ల పోవడమే ఎక్కువ.

ఎందుకో చెబుతాం. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లో దాన్ని లేపే (బూట్ చేసే) ఫైళ్లు 100 ఎంబీ లేదా కాస్త ఎక్కువ సైజున్న ఒక చిన్న పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో ఉంటాయి. దాన్ని ఈఎఫ్ఐ పార్టిషన్ అంటారు. విండోస్ సొంత ఫైళ్లు సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి. మన ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, లెక్కలు అదే సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ మొరాయించినా ముందుగా దెబ్బతినేవి మొదటి రెండే. యూజర్స్ ఫోల్డర్ సాధారణంగా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ముందుగా చేయాల్సింది ఆగడం. తెర మీద ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని ఉంటే విండోస్ తనంతట తాను పాత స్థితికి వెళుతున్నట్టు. పాత హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇది రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. చార్జర్ పెట్టి వదిలేయాలి. అది పూర్తయ్యే దారి ఉండగా పవర్ బటన్ నొక్కి ఆపితే లేని చిక్కు తెచ్చుకున్నట్టే. చాలా గంటలు గడిచినా కదలిక లేకపోతేనే బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. విండోస్ లోగో దాకా వచ్చి ఆగిపోతున్న ల్యాప్‌టాప్‌ను వరసగా రెండు మూడుసార్లు ఇలా ఆపితే నీలిరంగు రికవరీ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘స్టార్టప్ రిపేర్’, ‘గో బ్యాక్ టు ద ప్రీవియస్ వెర్షన్’ ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత 10 రోజుల లోపైతే రెండోదానితో పాత విండోస్ తిరిగి రావచ్చు. ‘రీసెట్ దిస్ పీసీ’ మాత్రం ఈ దశలో వద్దు. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ మీద పొరపాటున వేలు పడితే అంతే సంగతులు.

మెనూ కూడా రాకపోతే చేతికి కావలసినవి ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, పని చేస్తున్న ఇంకొక కంప్యూటర్. ఉబుంటూ లేదా లైనక్స్ మింట్ ఐఎస్ఓ ఫైలు (మొత్తం సిస్టమ్ ఉన్న ఒకే ఫైలు) దించుకుని రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. మామూలుగా కాపీ చేస్తే బూట్ అవదు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ బటన్ కొట్టాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసస్‌కు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే గానీ, కొన్ని మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లి ఆ మెనూ ఆన్ చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచి లేచాక ‘ఇన్‌స్టాల్’ నొక్కకుండా ‘ట్రై’ అన్నదే ఎంచుకోండి. ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఒక్క అక్షరం మారకుండా డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఫైల్ మేనేజర్‌లో విండోస్ పార్టిషన్ తెరిచి యూజర్స్ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు లాగేయడమే. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ అవలేదు కాబట్టి ఆ పార్టిషన్ చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. కాపీకి అది చాలు, బలవంతంగా రాసే దారి వెతక్కండి.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే లేవనిచ్చే బయోస్ రక్షణ) ఆఫ్ చేయమని చాలా వీడియోల్లో చెబుతారు. ఉబుంటూ, మింట్ రెండూ అది ఆన్‌లో ఉండగానే లేస్తాయి. ఆఫ్ చేస్తే కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్‌ను కీ లేకుండా చదవకుండా చేసే విండోస్ ఏర్పాటు) తాళం ఎదురుకావచ్చు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఆ సంగతి యజమానికి తెలియనే తెలియదు. తాళం పడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ల్యాప్‌టాప్ కొన్న రోజు ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అయ్యారో ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి వెళ్లి డివైసెస్ విభాగంలో చూస్తే ఆ కీ ఉంటుంది. తెర మీది కీ ఐడీ మొదటి 8 అక్షరాలు, అకౌంట్‌లో ఉన్నవి ఒకటో కాదో సరిచూసుకోండి. కొన్న రోజున షాపు కుర్రాడే ఏదో ఒక మెయిల్ పెట్టి ఉంటే వెతకాల్సింది ఆ మెయిల్‌ను. ఉబుంటూలో అయితే పాస్‌వర్డ్ అడిగే చోట ఆ 48 అంకెలను హైఫన్లతో సహా కొడితే పార్టిషన్ తెరుచుకుంటుంది. కీ చేతికి రాకముందు బయోస్‌లో టీపీఎం (ఆ తాళం వివరాలు దాచే చిప్) క్లియర్ చేయడం, మదర్‌బోర్డు మార్చడం ఎంతమాత్రం వద్దు. కీ లేకుండా ఆ డిస్క్‌ను ఎవరూ తెరవలేరు.

ఏం కాపీ చేసుకోవాలన్నదీ మన ఊళ్ల లెక్కన చెప్పాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. మిర్చి కమీషన్ దుకాణాల, ఆడిటర్ ఆఫీసుల ప్రాణం ట్యాలీ డేటాలో ఉంటుంది. మామూలుగా ట్యాలీప్రైమ్ దాన్ని యూజర్స్ లోపలి పబ్లిక్ ఫోల్డర్‌లో పెడుతుంది. యూజర్స్‌లో మన పేరున్న ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి ఊరుకుంటే అది వెనకే ఉండిపోతుంది. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 అయితే నేరుగా సీ డ్రైవ్ మొదట్లోనే దాని ఫోల్డర్ ఉండవచ్చు. విజయవాడ డీటీపీ సెంటర్లవాళ్లు ‘అను’ తెలుగు ఫాంట్లను మరచిపోకూడదు. అవి విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌లో ఉంటాయి. అవి లేకుండా పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30 ఎంబీ పైచిలుకు వేగమే వస్తుంది. 200 జీబీకి రెండు గంటల దాకా పడుతుంది, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే షాపువాళ్లు కాపీకి వేరే చార్జీ అడిగితే అది న్యాయమైన కూలీ, ఇవ్వాలి.

హార్డ్‌డిస్క్ టిక్ టిక్ అని కొట్టుకుంటున్నా, కాపీ ఒకే ఫైలు దగ్గర మాటిమాటికీ ఆగుతున్నా అక్కడితో ఆపేయండి. చెక్‌డిస్క్ నడపకండి, అరిగిన డిస్క్ మీద అది భారం పెంచుతుంది. ఇలాంటప్పుడు ముందు డీడీరెస్క్యూ అనే లైనక్స్ టూల్‌తో మొత్తం డిస్క్‌ను ఇంకో డిస్క్‌కు దించుకుని, ఆ నకలు మీద పని చేయాలి.

ఫార్మాట్ విషయంలో హార్డ్‌డిస్క్‌కీ ఎస్ఎస్‌డీకీ ఉన్న తేడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. హార్డ్‌డిస్క్‌ను క్విక్ ఫార్మాట్ చేసినా, దానిమీద కొత్తవి రాయనంతవరకు టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఉచిత టూల్స్‌తో చాలావరకు వెనక్కి తేవచ్చు. ఎస్ఎస్‌డీ అలా కాదు. ఫార్మాట్ చేయగానే విండోస్ ‘ట్రిమ్’ ఆదేశం పంపుతుంది, ఎస్ఎస్‌డీ ఆ చోటంతా ఖాళీ అని రాసుకుంటుంది. ఆ తర్వాత ఏ టూల్ పెట్టి చదివినా సున్నాలే వస్తాయి. హార్డ్‌డిస్క్ రోజుల్లో “ఫార్మాట్ కొట్టి తర్వాత రికవరీ చేద్దాం” అని అలవాటు పడిన చేతులు ఎస్ఎస్‌డీ మీదా అదే చేస్తున్నాయి. మాకు కడుపు మండేది ఇక్కడే.

కొన్ని మెసేజ్‌లను తప్పుగా అర్థం చేసుకోవడంవల్ల కూడా డేటా పోతోంది. ఇంటెల్ 11వ తరం, ఆ పై ల్యాప్‌టాప్‌లలో విండోస్ సెటప్ ‘డ్రైవ్‌లు ఏవీ కనబడలేదు’ అనవచ్చు. ఎస్ఎస్‌డీ కాలిపోయిందని కొత్తది అమ్మేవాళ్లు ఉన్నారు. నిజానికి ఎస్ఎస్‌డీని నడిపే వీఎండీ అనే ఇంటెల్ ఏర్పాటు ఆన్‌లో ఉండి, సెటప్‌లో దాని డ్రైవర్ లేకపోవడం చాలాసార్లు అసలు కారణం. లైనక్స్ పెన్‌డ్రైవ్‌లో డిస్క్ కనబడితే డిస్క్ బతికే ఉన్నట్టు. ఆ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దించుకుని, దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేసిన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ‘లోడ్ డ్రైవర్’ నొక్కాలి. దించుకున్న సెటప్ ఫైలును అలాగే పెడితే సెటప్‌కు అందులో ఏమీ కనబడదు. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా డిస్క్ కనబడుతుంది గానీ, పాత విండోస్‌ను బతికించుకోవాలంటే ఆ దారి పనికిరాదు, అది నీలి తెరతో ఆగిపోతుంది.

ఇంకొకటి, ‘ఈ డిస్క్ ఎంబీఆర్, జీపీటీ కావాలి’ అనే మెసేజ్. డిస్క్‌లో పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. వెంటనే పార్టిషన్లన్నీ డిలీట్ చేయడమో, డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో ‘క్లీన్’ కొట్టడమో చేస్తారు. డీ డ్రైవ్‌తో సహా అన్నీ పోయేది అప్పుడే. విండోస్ ఉన్న డిస్క్‌ను డేటా పోకుండా మార్చడానికి మైక్రోసాఫ్ట్ సొంత టూల్ ఎంబీఆర్2జీపీటీ ఉంది, విండోస్ 10 1703 వెర్షన్ నుంచీ దానిలోనే వస్తోంది. ముందు ‘వాలిడేట్’తో పరీక్షించి, సరే అంటేనే ‘కన్వర్ట్’ చేయాలి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉంటే ఒప్పుకోదు. ఇక 80070570 నంబరుతో ఎర్రర్ వస్తే ముందు పెన్‌డ్రైవ్ మార్చి, ఐఎస్ఓ మళ్లీ దించి చూడండి. అప్పటికీ రాకపోతేనే ర్యామ్‌నో డిస్క్‌నో అనుమానించాలి. ఉబుంటూ పార్టిషన్ తీసేశాక ‘గ్రబ్ రెస్క్యూ’ (గ్రబ్ అంటే ఉబుంటూను లేపే ప్రోగ్రామ్) అని ఆగిపోయే ల్యాప్‌టాప్‌లకు చాలాసార్లు రిపేరే అక్కర్లేదు. బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుని, బయోస్‌లో దాన్ని మొదటి వరసకు తెస్తే చాలు.

డేటా చేతికొచ్చాక విండోస్‌ను నిలబెట్టే పని. విండోస్ ఫోల్డర్ బాగానే ఉండి లేపే ఫైళ్లు మాత్రమే పోతే, ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ మొదటి తెర మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కి కమాండ్ తెర తెరవండి. డిస్క్‌పార్ట్‌లో వాల్యూమ్‌ల జాబితా తీసి, ఫ్యాట్32 అని ఉన్న ఆ చిన్న పార్టిషన్‌కు ఎస్ అనే అక్షరం ఇవ్వండి. బయటికొచ్చి బీసీడీబూట్ కమాండ్‌కు విండోస్ ఫోల్డర్ దారి, ఎస్ డ్రైవ్, యూఈఎఫ్ఐ అనే మూడూ చెబితే బూట్ ఫైళ్లు కొత్తగా రాస్తుంది. అక్కడ సీ డ్రైవ్ పేరు డీగానో ఈగానో మారి ఉండవచ్చు, ముందు తెరిచి చూసుకోవాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే కీతో తెరిచాకే ఇది పని చేస్తుంది. బూట్‌రెక్ అనే రిపేర్ కమాండ్ ‘ఫిక్స్‌బూట్’ మీద ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని వస్తే బెంబేలు పడనక్కర్లేదు, ఈ దారే దానికి మందు.

అదీ కుదరకపోతే మళ్లీ విండోస్ వేయాలి. అప్పుడు కూడా సీ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా ఎంచుకుని ‘నెక్స్ట్’ నొక్కితే పాతవన్నీ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళతాయి. ఖాళీ చోటు మాత్రం చాలినంత ఉండాలి. సాఫ్ట్‌వేర్లు మళ్లీ వేసుకోవాలి, ఫైళ్లు ఆ ఫోల్డర్‌లోనే దొరుకుతాయి. వైఫై డ్రైవర్ లేక సెటప్ ఇంటర్నెట్ దగ్గర ఆగిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కీ కోసం డబ్బు కట్టకండి. విండోస్ 8 కాలం నుంచీ విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌తో వచ్చినదానికి హోమ్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. దానికి ప్రో వేసి, యాక్టివేట్ కాలేదని విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేసి క్రాక్ ఎక్కించడం వైరస్‌కు తలుపు తీయడమే.

రిపేరు షాపులవారికి మా విన్నపం ఒకటుంది. ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు ఇచ్చే స్లిప్పు మీద మూడు సంగతులు రాయండి: డేటా కావాలా వద్దా, డిస్క్ హార్డ్‌డిస్కా ఎస్ఎస్‌డీనా, ఫార్మాట్‌కు యజమాని సంతకం. సంతకం లేనిదే ఫార్మాట్ చేయకండి. యజమానులూ స్లిప్పు లేకుండా ల్యాప్‌టాప్ వదిలి రావద్దు. చెప్పకుండా డేటా తుడిచేస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం. రెండు ఊళ్ల చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు తమ ల్యాబ్‌లో ఒక లైనక్స్ పెన్‌డ్రైవ్, ఒక విండోస్ 11 పెన్‌డ్రైవ్, 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంచి, సెమిస్టర్ ప్రాజెక్టులు సమర్పించే వారాల్లోనైనా సాయంత్రం ఒక గంట విద్యార్థులకు అందుబాటులో పెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
ల్యాప్‌టాప్ రిపేరు పనిలో ఉన్నవాళ్లం,
బ్రాడీపేట, గుంటూరు