నాన్నగారి వైద్యానికి తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారి కిడ్నీ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఓపికగా ఆరా తీసిన వైద్యులకు, మొక్కను గుర్తుపట్టిన వృక్షశాస్త్ర అధ్యాపకులకు, అవసరానికి రక్తమిచ్చిన ఊరి కుర్రాళ్ళకు మా కుటుంబం తరఫున నమస్కారాలు.

మాది సోంపేట దగ్గర పల్లె. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఎవరికైనా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పేరుకునే వ్యర్థం) పెరిగిందంటే ‘ఇక్కడి జబ్బే కదా’ అని సరిపెట్టుకోవడం అందరికీ అలవాటైపోయింది. విజయనగరంలో మేము చూపించిన నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యులు) గారు మాత్రం అలా సరిపెట్టుకోలేదు. కాళ్ళకు వాపు లేకపోవడం, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవడం, రక్తహీనత మాత్రం జబ్బు స్థాయిని మించి ఉండడం గమనించి, “పెద్దాయనా, నొప్పులకు పసరు గానీ వేరు గానీ ఏమైనా వాడారా?” అని అడిగారు. కీళ్ళ నొప్పులకు ఈశ్వరి వేరు కషాయం చాలాకాలంగా తాగుతున్నానని నాన్నగారు అప్పుడే బయటపెట్టారు.

అమ్మ కొంగున ముడేసి తెచ్చిన వేరు ముక్కలను చూసి ఏదీ తేల్చలేనన్న అధ్యాపకులు, తీగను కాయతో సహా తెప్పించుకున్నారు. కాడ వైపు నుంచి ఆరు చీలికలుగా విచ్చుకుని బుల్లి ఉట్టిలా వేలాడుతున్న ఎండుకాయను చూపించి, ఇది ఈశ్వరేనని, గాడిదగడపాకు కూడా ఈ జాతిదేనని చెప్పారు. వీటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలోని సన్నని నాళికలను దెబ్బతీసి, వాటి మధ్య కణజాలాన్ని గట్టిపరుస్తుంది. 1990ల తొలినాళ్ళలో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మందు వాడిన ఎందరో స్త్రీల కిడ్నీలు పాడైంది ఈ ఆమ్లం వల్లేనని, వాడకం మానేసినా నష్టం ముందుకు సాగవచ్చని, ఏళ్ళ తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ రావచ్చు గనుక పరీక్షలు ఆపకూడదని డాక్టరు గారు మాకు అర్థమయ్యేలా వివరించారు. ఉద్దానం జబ్బు అంతటికీ ఇదే కారణమని ఆయన అనలేదు, నేనూ అనడం లేదు. నాన్నగారి విషయంలో ఇదే కారణం కావడానికి అవకాశం ఎక్కువన్నారు, అంతే.

ఇకపై పరీక్షలకు విజయనగరం దాకా రానక్కరలేకుండా, పలాసలో చూపించుకునేలా కాగితాలన్నీ సిద్ధం చేసిచ్చిన సిస్టరు గారి మేలు మరువలేం. వేరు ఇచ్చిన పెద్దమనిషి ఏనాడూ పైసా పుచ్చుకోలేదు. సంగతి వినగానే తన దగ్గరున్నదంతా పారబోసి, ఇదివరకు తీసుకున్నవారి ఇళ్ళకు స్వయంగా వెళ్ళి మానేయమని చెప్పి వచ్చారు. ఆయనకు కూడా కృతజ్ఞతలు.