ఊద్ తెమ్మంటే మొగలిపువ్వు తెచ్చాను

చిన్నా,

నీ ఫ్రెండ్ కోసం తెమ్మన్న ఊద్ అత్తరు తేలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఉత్తరమంతా చదివాక విసుక్కోకుండా.

శనివారం నేనూ మీ నాన్నా పాతబస్తీ వెళ్ళాం. పోయినేడాది మీ నాన్న తోపుడుబండి మీద 'అసలు చందనం' అని కొన్న సీసా గుర్తుందిగా? వాసన సాయంత్రానికే పోయింది, తెల్ల చొక్కా మీద నూనె మరక మాత్రం ఇప్పటికీ ఉంది. అందుకే ఈసారి బండ్ల వైపు చూడనివ్వలేదు. మదీనా దగ్గర ఆటో దిగి పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నడుస్తుంటే ఒక పాత అత్తరు కొట్టు కనబడింది. లోపల నలుగురు నిలబడితే ఐదోవాడికి చోటుండదు. గోడ పొడుగునా అద్దాల బీరువాలు, వాటి నిండా గాజు బిరడాల సీసాలు. గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు.

వెయ్యి రూపాయల్లో ఊద్ కావాలన్నాను. ఆయన నవ్వారు. "ఆ ధరకు ఊద్ పేరు వస్తదమ్మా, ఊద్ రాదు" అన్నారు. అది అగరు చెట్టట, అస్సాం వైపు పెరుగుతుంది. చెట్టుకు బూజు తెగులు పట్టి, లోపల చేవ నల్లబడి జిగురు ఊరితేనే ఆ వాసన. తెగులు లేని చెట్టు కొడితే వట్టి కట్టే. అసలు నూనె ధర చెప్పాక మీ నాన్న వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు.

కొనేది లేదని తేలినా ఆయన మమ్మల్ని పంపలేదు. ఒక్కో సీసాలో సన్నటి గాజు పుల్ల ముంచి ముంజేతి మీద ఒక గీత గీసేవారు. "రుద్దొద్దు, దాన్నట్లనే వదిలెయ్యండి" అనేవారు. ముక్కు మొద్దుబారిందంటే నా కొంగే వాసన చూడమన్నారు. విచిత్రం, పనిచేసింది! వట్టివేరు అత్తరు వేసవికట, హీనా, షమామా అనే అత్తర్లు చలికాలానికట. మట్టి అత్తరు అని ఒకటుంది చూడు, మొదటి వాన పడ్డ పెరడే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో సగం కాల్చిన మట్టి పెంకుల్ని 'డేగ్' అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళతో ఉడికిస్తారట. ఆ ఆవిరి వెదురు గొట్టంలోంచి పక్కనున్న ఇంకో రాగి పాత్రలోకి దిగి, అందులోని చందనం నూనెలో ఇంకుతుంది. చందనం ధర పెరిగాక చాలామంది దాని బదులు పారాఫిన్ నూనె పోస్తున్నారని ఆయనే ఒప్పుకున్నారు. తన దగ్గరా రెండు రకాలున్నాయి, ఏది ఏదో చెప్పి మరీ అమ్ముతానన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

తరవాత "ఇది కేవ్‌డా" అని ఇంకో గీత గీశారు. మీ నాన్న వాసన చూసి "బిర్యానీ" అనేశారు. నాకు మాత్రం ఒక్కసారిగా మీ అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత తీసినట్టయింది. అది మొగలిపువ్వురా! అమ్మ పట్టుచీరల మధ్య ఎండిన మొగలి రేకులు పెట్టేది. నా పెళ్ళయ్యాక కూడా ఆ చీరలకు ఆ వాసన ఉండేది. ఆ రేకులే జడలో పెట్టేది, శివుడికి మాత్రం పనికిరావనేది. మా ఇచ్ఛాపురం వైపు ఇసుక దిబ్బల మీద పొదలు పొదలుగా ఉండేవి. ఆకుల అంచులకు రంపం పళ్ళలా ముళ్ళు, కింద పాములుంటాయని భయం. అయినా వెళ్ళేవాళ్ళం, గీరుకుపోయిన చేతులతో వచ్చి తన్నులు తినేవాళ్ళం.

ఇది ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. "ఒడిశా, గంజాం జిల్లా. బరంపురం తెలుసా మీకు?" అన్నారు. తెలియకపోవడమేమిటి, ఇచ్ఛాపురం నుంచి గంట ప్రయాణం కూడా లేదు! మగ చెట్టు పూలకే ఈ వాసనట. తెల్లవారకముందే కోసి, ఆ రోజే బట్టీకి ఎక్కిస్తారట. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, మా ఊరి పక్క పువ్వు చార్మినార్ దగ్గర సీసాలో కూర్చుందని నాకు తెలీదు.

అప్పటికప్పుడు కొంటానంటే ఆయన ఇవ్వలేదు. "చాయ్ తాగి గంట తర్వాత రండి, అప్పటికీ నచ్చితే తీసుకోండి" అన్నారు. ఇరానీ చాయ్ తాగాం, లాడ్ బజార్‌లో గాజులు చూశాం. మీ నాన్న రెండుసార్లు నా చెయ్యి లాక్కుని వాసన చూశారు, నడిరోడ్డు మీద! గంటకు ఘాటు తగ్గింది, పెట్టె అడుగున ఉండే వాసన మిగిలింది.

పావు తులం కొన్నాను. వీళ్ళది పాత తులం, 11.66 గ్రాములు, బంగారం కొట్లలో అనే పది గ్రాములది కాదు. దూదికి ఒక చుక్క అంటించి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను. మిగిలింది చిన్న సీసాలో పోయించి నీకు పంపిస్తున్నాను. చెవి వెనక ఒక్క గీత చాలు, తెల్ల చొక్కాకు తగలనివ్వకు. మీ ఫ్రెండ్‌కు ఊద్ గురించి నువ్వే ఏదో చెప్పుకో.

అమ్మ