అన్ని బ్లాక్స్‌నూ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు,

గతవారం మీ జిల్లా పేజీలో వచ్చిన ‘నకిలీ బొమ్మల గుట్టు రట్టు’ వార్త గురించి ఇది. దాని ఫొటోలో టేబుల్ నిండా పిల్లలు ఒకదానికొకటి అతికించి ఆడుకునే ప్లాస్టిక్ బ్లాక్స్ డబ్బాలు, వెనక అరడజను మంది అధికారులు, కింద ‘పట్టుబడిన లెగో నకిలీలు’ అని వ్యాఖ్య. తీరా చూస్తే ముందు వరసలో ఉన్న ఒక డబ్బా మూలన ఐఎస్ఐ గుర్తు ఫొటోలోనే కనిపిస్తోంది! అది అధికారుల కంట పడలేదు, మీ విలేకరి కంటా పడలేదు.

లెగో కాని ప్రతి బ్లాకూ నకిలీది కాదు. ఇప్పుడు మనం చూసే బ్లాకుకు లెగో అనే డెన్మార్క్ కంపెనీ 1958లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. దాని గడువు తీరి దశాబ్దాలు దాటింది. బ్లాకు ఆకారం ఒకదానికొకటి అతుక్కోవడానికి అవసరమైనదే తప్ప ఒక కంపెనీ సొంత గుర్తు కాదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2010లో తేల్చేసింది. అందుకే పోలెండ్ కోబీ, మాటెల్ వారి మెగా, చైనా స్లుబాన్ తమ పేర్లతోనే దర్జాగా అమ్ముకుంటున్నాయి. మినీఫిగర్ల సంగతి మాత్రం వేరు. 1978లో వచ్చిన ఆ చిన్న మనిషి ఆకారం మీద ట్రేడ్‌మార్కు 2015లో కూడా యూరప్ కోర్టులో నిలబడింది. కాబట్టి పద్ధతిగా నడిచే కంపెనీలు తమ బొమ్మల తలలు, కాళ్లు వేరే రకంగా చేసుకుంటాయి. లెగో పేరులో ఒకటి రెండు అక్షరాలు మార్చి, అదే డబ్బా, అదే సెట్టు, అదే బొమ్మ దించేస్తే అది నకిలీ. లెపిన్ పేరుతో ఆ పని చేసిన ముఠా సూత్రధారికి 2020లో చైనాలోనే ఆరేళ్ల జైలు పడింది. ఈ రెంటికీ తేడా రాయడానికి మీకు రెండు వాక్యాలు చాలు.

మన దేశంలో చూడాల్సింది బ్రాండ్ కాదు, ఐఎస్ఐ గుర్తు. కేంద్రం ఉత్తర్వు ప్రకారం 2021 జనవరి 1 నుంచి దేశీ అయినా విదేశీ అయినా ఆ గుర్తు లేకుండా బొమ్మలు అమ్మకూడదు. గుర్తు పైన ఐఎస్ 9873 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. లైటు, మోటారు ఉన్న సెట్టయితే ఐఎస్ 15644. ఆ నంబరును, ఈ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు, చిరునామా వస్తాయి. వచ్చిన పేరు, డబ్బా మీది పేరు ఒకటి కాకపోతే ఆ గుర్తు ఉత్త అచ్చు బొమ్మే. దుకాణంలో నిలబడే చేసుకోగల ఈ చిన్న పని మీ వార్తలో ఎక్కడా లేదు.

చవక బ్లాక్స్‌లో దగా లేదని కాదు. ఉంది, అది ‘1000 పీసులు’ అన్న చోట ఉంది. రెండు వరసల ఎనిమిది బొడిపెల మామూలు బ్లాకు ఒక్కోటీ రెండు గ్రాముల కంటే కాస్త ఎక్కువే తూగుతుంది. అలాంటివి వంద ఉంటే పావుకిలోకు కొంచెం తక్కువ. వెయ్యి పీసుల డబ్బా మొత్తం నాలుగు వందల గ్రాములు కూడా లేదంటే లోపల ఉన్నవన్నీ ఒంటి బొడిపె చుక్కలే. ఇంకో తిరకాసు సైజు. పక్కపక్కన పది బొడిపెల పొడవుకు స్కూలు స్కేలు పెడితే 8 సెంటీమీటర్లు రావాలి, పది బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే పై బొడిపె కాకుండా 9.6 రావాలి. మైక్రో, నానో అని అమ్మేవి ఇందులో సగం ఉంటాయి, ఇంట్లో ఉన్న వాటితో కలవవు. సెట్టు కొనేముందు చిన్న ప్యాకెట్ ఒకటి కొని పది బ్లాకులు పేర్చి చూడాలి. ఒకచోట ఊగి, ఇంకోచోట పంటితో లాగితే తప్ప రాకపోతే అచ్చు అరిగిపోయిందనో, ప్లాస్టిక్‌లో నాసిరకం కలిసిందనో అర్థం. పట్టు అంతా మిల్లీమీటర్‌లో నూరో వంతుల లెక్క మరి.

చవక మినీఫిగర్లు పాడయ్యేది మూడు చోట్ల: మణికట్టు, చంక, నడుము. అరచేతులు రాలిపోతుంటే మణికట్టు మేకుకు రంగులేని నెయిల్ పాలిష్ పలచగా పూసి, పూర్తిగా ఆరాక తిరిగి దూర్చాలి. చంక దగ్గర పగిలితే మాత్రం ఏం చేసినా నిలవదు. పెళుసు ప్లాస్టిక్‌లోకి చేతిని బలంగా నొక్కినప్పుడే ఆ చీలిక పడుతుంది. మన ఎండల్లో మరో జాగ్రత్త. బ్లాక్స్‌ను గోరువెచ్చని సబ్బునీళ్లలోనే కడగాలి, నీడలోనే ఆరబెట్టాలి. మరిగే నీళ్లకు వంకర పోతాయి, డాబా మీద ఎండకు తెల్లవి పచ్చబడతాయి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇవి నేల మీద ఉండకూడదు. అది లెగో అయినా అంతే.

ఇక తనిఖీల తంతు. 2020లో బొమ్మల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. మంచి విదేశీ సెట్టు మధ్యతరగతికి అందకుండా పోయింది, గుర్తు లేని సరుకు మాత్రం ఆన్‌లైన్‌లో ఇంటి గుమ్మం దాకా వస్తోంది. ఆన్‌లైన్ గోదాముల జోలికి వెళ్లరు గానీ, స్టేషన్ రోడ్డు చిరువ్యాపారి షట్టర్ కనబడగానే చట్టం గుర్తుకొస్తుంది. పట్టుకున్న సరుకులో ఏ బ్యాచ్ పరీక్షకు పంపారు, సీసం ఉందా, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు ఉన్నాయా అని ఒక్క ముక్క బయటికి రాదు. ఫొటో దిగగానే కేసు ముగిసినట్టే! పైగా అదే వార్తలో ‘చెక్క బొమ్మల స్టాళ్లనూ హెచ్చరించారు’ అట. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అలా అధికారికంగా నమోదైన తయారీదారులకు, హస్తకళల విభాగంలో పేరున్న కళాకారులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన ఆ ఉత్తర్వు సవరణలోనే మినహాయింపు ఇచ్చారు. హెచ్చరించేవారు ముందు ఉత్తర్వు పూర్తిగా చదివితే పోయేది.

తరువాతి దాడి వార్తలో స్వాధీనం చేసుకున్న డబ్బాల మీది లైసెన్స్ నంబర్లు, లేకపోతే లేవన్న మాట, ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వేయండి. చోటు చాలకపోతే అధికారుల ఫొటో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

— ఒక పాఠకుడు, హనుమకొండ