వేగం పన్నెండు శాతం రాకముందే అంటుకునే ఇంజన్: మీ కారవాన్ విమానంపై ఫిర్యాదు

విజయవాడ,
18-06-2025

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: ఇంట్లో కంప్యూటర్ మీద నడిపే హోమ్ సిమ్యులేటర్ కోసం మీరు అమ్మిన సెస్నా 208 కారవాన్ విమానం మోడల్‌లో ఇంజన్ స్టార్టింగ్ తప్పుగా ఉండటం గురించి.

నమస్కారం.

ఏప్రిల్ నెలలో మీ వెబ్‌సైట్‌లో 3,200 రూపాయలు కట్టి ఈ విమానం కొన్నాను. రసీదు, మీ వాళ్లు పంపిన మెయిళ్లు, నేను తీసిన మూడు వీడియోలు ఈ లేఖతో జతచేస్తున్నాను. అమ్మకం పేజీలో ‘అసలు విమానంలో ఎలాగో అలాగే స్టార్ట్ అవుతుంది’ అని రాశారు. ఆ ఒక్క మాట నమ్మి డబ్బు కట్టాను. ఆ మాట నిజం కాదు.

నాకు ఆటోనగర్‌లో డీజిల్ జనరేటర్లు రిపేరు చేసే షాపు ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. 2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరిన రోజు కృష్ణ ఒడ్డున జనంలో నిలబడి దూరం నుంచి చూశాను. ట్విన్ ఆటర్ రకం ఆ సీప్లేన్‌కు ఉన్నవి పీటీ6 రకం టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ని తిప్పే) ఇంజన్లని తెలిశాక వాటి గురించి చదవడం మొదలుపెట్టాను. కారవాన్ ముక్కులో ఉన్నదీ ఆ కుటుంబమే. ప్రాట్ అండ్ విట్నీ కెనడా వాళ్ల పీటీ6ఏ-114ఏ, 675 హార్స్‌పవర్. ఒక్కటే ఇంజన్ కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుందని కారవాన్ తీసుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మాయి కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుంది. తన శిక్షణ అంతా పిస్టన్ ఇంజన్ విమానాల మీదే జరిగింది. ఆగస్టులో టర్బోప్రాప్ శిక్షణ మొదలవుతుంది. ఆలోపు ఇంట్లో చేతికి కాస్త అలవాటు అవుతుందని ఇద్దరం కలిసి కూర్చుంటున్నాం.

మే నెలలో ఒక ఆదివారం నేను స్టార్టర్ వేసి, చూసుకోకుండా ఇంధనం వదిలే కండిషన్ లివర్ ముందుకు నెట్టేశాను. పక్కనే కూర్చున్న అమ్మాయి, “నాన్నా, ఎన్‌జీ ఇంకా నాలుగే ఉంది, అప్పుడే ఫ్యూయల్ ఇచ్చేశావేంటి?” అంది. ఎన్‌జీ అంటే ఇంజన్ లోపలి కంప్రెసర్ తిరిగే వేగం, శాతంలో. తన మాట పూర్తి కాకముందే ఇంజన్ అంటుకుంది. టర్బైన్ల మధ్య వేడి చూపే ఐటీటీ ముల్లు 690 డిగ్రీల దాకా వెళ్లి నెమ్మదిగా దిగింది. మాకు అనుమానం వచ్చి, ఎన్‌జీ సున్నా దగ్గరే ఫ్యూయల్ ఇచ్చి చూశాం. మళ్లీ 690. బ్యాటరీని 20 వోల్టులకు దించి చూశాం. అదే 690. ఇంధనాన్ని నేరుగా చేత్తో పెంచే ఎమర్జెన్సీ పవర్ లివర్‌ని నార్మల్‌లో పెట్టకుండా ముందుకే వదిలేసి స్టార్ట్ చేశాం. అసలు విమానంలో అలా చేస్తే ఇంధనం ఎక్కువైపోయి వేడి హద్దు దాటుతుంది. మీ విమానంలో అప్పుడూ 690 దాటలేదు.

ఇది చిన్న తేడా అని మీరు అనుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. స్టార్టర్ తిప్పేది కంప్రెసర్‌ని. కంప్రెసర్ తిరిగితేనే లోపలికి గాలి వస్తుంది. మంటకు ఊపిరి ఆ గాలే, లోపలి లోహాన్ని చల్లగా ఉంచేదీ ఆ గాలే. అందుకే ఎన్‌జీ కనీసం 12 శాతం దగ్గర నిలకడగా నిలిచాకే కండిషన్ లివర్‌ని కట్ ఆఫ్ (ఇంధనం బంద్) నుంచి లో ఐడిల్‌కి (ఇంధనం ఇచ్చే చోటికి) తేవాలంటారు. బ్యాటరీ కనీసం 24 వోల్టులు చూపాలనడం కూడా ఇందుకే. బ్యాటరీ నీరసంగా ఉంటే స్టార్టర్ నిదానంగా తిరుగుతుంది, గాలి చాలదు. అప్పుడు ఇంధనం పోస్తే వేడంతా టర్బైన్ బ్లేడ్ల మీద పడుతుంది. స్టార్టింగ్‌లో ఐటీటీ హద్దు 1090 డిగ్రీలు, అదీ రెండు సెకన్లే. ముల్లు ఆగకుండా అటే ఎగబాకుతుంటే లివర్‌ని వెంటనే కట్ ఆఫ్‌కి లాగి, స్టార్టర్‌ని తిరగనిచ్చి లోపల చల్లబరచాలి. కొన్ని సెకన్లు ఆలస్యమైతే చాలు, ఇంజన్ విప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

అంటే లివర్ మీద చెయ్యి, ముల్లు మీద కన్ను, ఎప్పుడైనా వెనక్కి లాగడానికి సిద్ధంగా ఉండటం. టర్బోప్రాప్ స్టార్టింగ్‌లో నేర్చుకోవలసింది ఇదే. ఏం చేసినా 690 దగ్గర ఆగే ముల్లును రోజూ చూసిన మనిషికి ముల్లు చూడటమే మానేసే అలవాటు పడుతుంది. నా భయం అదే. సిమ్యులేటర్‌లో నాకు ఇంజన్ కాలినా నష్టం లేదు, కానీ తప్పు చేస్తే కాలిందని నాకు తెలియాలి.

ప్రొపెల్లర్ సంగతి. మీ విమానంలో స్టార్టర్ వేయగానే ఎన్‌జీతో పాటే ప్రొపెల్లర్ కూడా సమానంగా వేగం అందుకుంటుంది. పీటీ6లో కంప్రెసర్‌ని తిప్పే టర్బైన్ వేరు, ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ వేరు. రెంటినీ కలిపే షాఫ్ట్ లేదు, మధ్యలో ఉన్నది వేడి గాలి మాత్రమే. మంట అందుకున్నాకే ప్రొపెల్లర్ వేగం పుంజుకోవాలి. డోర్నియర్ 228లో ఉండే టీపీఈ331 ఇంజన్‌కైతే మీరు చూపించింది సరిపోతుంది, అక్కడ అంతా ఒకే షాఫ్ట్. మీరు వేరే ఇంజన్ నడకను తెచ్చి దీనికి తగిలించారు.

స్టార్టర్‌కి హద్దే పెట్టలేదు. 30 సెకన్లు తిప్పితే 60 సెకన్లు ఆపాలి. మళ్లీ 30 తిప్పి మళ్లీ 60 ఆపాలి. మూడోసారి కూడా కాకపోతే అరగంట వదిలేయాలి. నేను నాలుగు నిమిషాలు ఆపకుండా తిప్పాను, బ్యాటరీ ముల్లు కూడా కదల్లేదు. ఇలా తిప్పి తిప్పి కాల్చేసిన స్టార్టర్లు నెలకు రెండు మూడు నా షాపు బల్ల మీదికి వస్తాయి. కాబట్టి ఈ విషయంలో నాకు ఎవరూ సర్దిచెప్పనక్కర్లేదు.

మీకు రెండుసార్లు మెయిల్ పెట్టాను. మొదటిసారి లివర్లు కాలిబ్రేట్ చేసుకోమన్నారు. చేశాను, మార్పు లేదు. రెండోసారి ‘ఎక్కువమందికి ఇంజన్ సులువుగా స్టార్ట్ కావాలి’ అని రాసి ఫిర్యాదు మూసేశారు. సులువు కావాలనుకునే వాళ్లకు ఆటో స్టార్ట్ ఉంది కదా. వాళ్లను నేను తప్పుపట్టను. చేత్తో ఒక్కొక్కటీ చేసుకునే వాళ్లకు మాత్రం నిజం ఇవ్వండి.

మీ కాక్‌పిట్ బొమ్మ చాలా బాగుంది. స్విచ్‌ల మీద అరిగిన రంగు కూడా వేశారు. మీరిచ్చిన చెక్‌లిస్ట్‌లో 12 శాతం, 1090, స్టార్టర్ ఆపాల్సిన 52 శాతం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే మీ దగ్గర విషయం తెలిసిన మనిషి ఉన్నారు. దయచేసి సిమ్యులేటర్‌లో ఈ ఇంజన్ తయారుచేసిన వాళ్లను ఆయన పక్కన కూర్చోబెట్టండి.

నేను అడిగేది ఇది. ఎన్‌జీ, బ్యాటరీ, ఎమర్జెన్సీ పవర్ లివర్‌లను బట్టి ఐటీటీ మారేలా, ప్రొపెల్లర్ విడిగా తిరిగేలా, స్టార్టర్ వేడెక్కేలా సరిచేసి అప్‌డేట్ ఇవ్వండి. ఎప్పటికి ఇస్తారో తేదీ రాతపూర్వకంగా చెప్పండి. అది కుదరకపోతే నా 3,200 రూపాయలు తిరిగి ఇచ్చి, అమ్మకం పేజీలో ఆ వాక్యం తీసేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే ఫిర్యాదు వేసే వీలుంది.

అప్పటిదాకా అమ్మాయి మీ విమానంతో ప్రాక్టీసు చేయదు. కాక్‌పిట్ ఫోటో ప్రింట్ తీసి గోడకు అంటించాం. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని ఎన్‌జీ, ఐటీటీ అంకెలు పైకి చదువుతున్నాను, తను లివర్ కదుపుతోంది. నిన్న సాయంత్రం నేను ముందుగా చెప్పకుండా ఐటీటీ అంకెను 900 దాటించి చదివాను. రెండో సెకనులో కట్ ఆఫ్‌కి లాగేసింది.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
ఆటోనగర్, విజయవాడ

జతచేసినవి: రసీదు, రెండు మెయిళ్ల కాపీలు, మూడు వీడియోలు