సాల్మన్ మీద ఖుబానీ పూత

నల్లకుంట,
హైదరాబాద్.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. మొన్న నువ్వడిగిన సాల్మన్ సంగతి ఫోనులో చెబితే సగం జారిపోతుందని, కొలతలతో సహా కాగితం మీద పెడుతున్నాను. వచ్చే శనివారం మీ ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళకు అదే వండాలనుకుంటున్నావు కనుక, నేను రెండుసార్లు పాడుచేసి మూడోసారి కుదుర్చుకున్న పద్ధతిని, పాడుచేసిన తీరుతో కలిపి చెప్పడమే న్యాయం.

మొదటిసారి తప్పు కడగడంలోనే జరిగింది. రామ్‌నగర్ చేపల మార్కెట్టు నుంచి కొర్రమీను తెచ్చినప్పుడల్లా కళ్ళుప్పూ పసుపూ వేసి జిగురు వదిలేదాకా రుద్దడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. నార్వే నుంచి మంచుగడ్డలా వచ్చిన సాల్మన్ ముక్కలను కూడా అదే చేత్తో రుద్దాను. కొర్రమీను కండ గట్టిది, ఆ రుద్దుడుకు ఓర్చుకుంటుంది. సాల్మన్ కండ పొరలు పొరలుగా ఉండి, పొరకూ పొరకూ నడుమ కొవ్వు తెల్లటి గీతలా ఉంటుంది కనుక, నా అరచేతి కింద అది తడిసిన పుస్తకంలా విడిపోయింది. మీ అమ్మ గిన్నెలోకి తొంగిచూసి, “అంత డబ్బు పోసి తెచ్చింది పొరటు చేయడానికా?” అంది. ఆ రాత్రి నిజంగానే పొరటు చేసుకుని తిన్నాము.

కాబట్టి దాన్ని కడగవద్దు. మంచు విడవడానికి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. గాలి తీసి సీలు వేసిన ప్యాకెట్ అయితే అంతకుముందే ఒక మూల కత్తిరించు, ఎందుకంటే గాలి లేని చోటే విషం పుట్టించే ఒక రకం సూక్ష్మజీవి ఉంది. తెల్లవారాక ముక్కలను పొడిగుడ్డతో అద్ది, తోలు మీద చెమ్మ అన్నది లేకుండా చేసి, వేలితో కండ మీద తల నుంచి తోక వైపు తడిమి చూడు. ముల్లు తగిలితే, కనుబొమలు దిద్దుకునే చిన్న శ్రావణంతో అది వాలి ఉన్న దిక్కుకే లాగితే కండ చిరగకుండా వస్తుంది. వండడానికి పావుగంట ముందు ఉప్పు చల్లితే చాలు.

రెండోసారి తప్పు తీపితో వచ్చింది. తేనె, నిమ్మరసం, కారం కలిపి ముక్కలకు పట్టించి, గంటసేపు నానబెట్టి, ఆ పట్టించినదంతా ఉండగానే కాలిన పెనం మీద వేశాను. మూడు నిమిషాల్లో ఇల్లంతా పొగ కమ్మింది, పైన బొగ్గు, లోపల పచ్చి. తర్వాత ఆలోచిస్తే కారణం తేలికగానే తెలిసింది. పంచదార 160 డిగ్రీల దాకా తట్టుకుంటుంది గానీ, తేనెలోనూ పండ్లలోనూ ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. బాగా కాలిన పెనం 200 దాటుతుంది. అందుకని చేప మూడింట రెండు వంతులు ఉడికిన తర్వాతే తీపి దాని మీదికి రావాలి.

ఇక ఆ తీపి పూతకు పండు. మామిడి రసంతో చేద్దామని మొదట అనుకున్నాను. బంగినపల్లిలో తీపి తప్ప పులుపు లేదు, సాల్మన్ కొవ్వుకు అది తోడైతే రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. తీపితోపాటు తనదైన పులుపు కూడా ఉన్న ఖుబానీ, అంటే ఎండు ఆప్రికాట్, ఈ పనికి తగినది. మన ఊరి పెళ్ళి విందుల్లో ఖుబానీ కా మీఠా రెండోసారి వేయించుకునే నీకు దాని రుచి చెప్పనక్కరలేదు. బేగంబజారులో తెచ్చిన ముడతల ఖుబానీలు ఇరవై, గ్లాసున్నర నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, ఆ నీళ్ళతోనే మెత్తగా రుబ్బాను. మీ వాంకూవర్‌లో గింజ తీసినవే దొరుకుతాయి కదా. మరీ నిగనిగలాడే నారింజ రంగువి గంధకపు పొగ పట్టించినవి, గోధుమ రంగులో ఉన్నవి ఆ పొగ పట్టించనివి. నాకు రెండోవాటి రుచే నచ్చుతుంది.

ఆ ముద్దను ఇనుప మూకుడులో కాకుండా స్టీలు గిన్నెలో, సన్నని సెగ మీద ఉడికించాలి, పులుపుకు ఇనుము తగిలితే రుచి చెడుతుంది. అందులో రెండు చెంచాల బెల్లం తురుము, అర చెంచా ఎండుమిరప పొడి, చెంచా అల్లం రసం, చిటికెడు ఉప్పు వెయ్యి. బూరెలకు పట్టే ముదురు పాకం దాకా పోనివ్వకు, చల్లారాక పెంకులా బిగుసుకుంటుంది. చెంచా ముంచి తీసి దాని వీపు మీద వేలితో గీస్తే గీత కలుసుకోకుండా నిలవాలి, అంతే. పొయ్యి ఆపాక రెండు చెంచాల నిమ్మరసం పిండి రుచి చూడు. సగం పూతను వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టు. పచ్చి చేపను తాకిన కుంచె ముంచినదాన్ని వడ్డించకూడదు.

“చేపకు తీపేమిటి?” అని మీ అమ్మ మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. మీ నాయనమ్మ రాజమండ్రిలో పులస పులుసు కాచినప్పుడు చివర గోలీకాయంత బెల్లం వేసేదని గుర్తుచేశాను. పులుసు దించబోయే ముందు చింతపండు పులుపు ఎంత తేలిందో గరిటెడు రుచి చూసుకుని, దాన్నిబట్టే వేసేది, ఒక్కోసారి వేసేదే కాదు. నిమ్మరసం పడ్డాక రుచి చూడమని నీకు పైన రాసింది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదే పులస లాంటిదే ఈ సాల్మన్ కూడా, మీ ఊరి పక్కన ఫ్రేజర్ నదికి ఎదురీదేవి దీని దాయాదులే. ముళ్ళ విషయంలో మాత్రం సాల్మన్ మనపట్ల ఎంతో దయగలది.

పెనం బాగా కాలాక చెంచా నూనె వేసి, ముక్కను తోలు వైపు కిందికి పెట్టి, తోలు ముడుచుకోకుండా అట్లకాడతో పది లెక్కపెట్టేంతసేపు అదిమి పట్టు. ఆపైన మంట మధ్యస్థంగా తగ్గించి, ముక్కను పక్క నుంచి చూస్తూ ఉండు. గాజులా మెరిసే ముదురు నారింజ రంగు అడుగు నుంచి పాలు కలిపినట్టు లేతబడుతూ పైకి ఎక్కుతుంది. అంగుళం మందం ముక్కకు ఆ లేతరంగు మూడింట రెండు వంతులు ఎక్కడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. అప్పుడు ఖుబానీ పూత పైన రాసి, పై కడ్డీ మాత్రమే వెలిగించిన ఓవెన్‌లో రెండు నిమిషాలు ఉంచి, బయటికి తీసి రెండో పూత రాసి మరొక్క నిమిషం ఉంచాను. పూత బుడగలు కట్టి, అంచుల్లో నల్లబడబోతుండగానే తీసేయాలి.

ముక్క పక్కల నుంచి గుడ్డు తెల్లసొనలాంటి తెల్లని గడ్డలు ఎక్కువగా ఉబికి వస్తే సెగ మించిందని అర్థం. నువ్వు పోయినేడు పంపిన వంట థర్మామీటరు మొదటిసారి నిజంగా పనికొచ్చింది. అమెరికా ఆహార శాఖ వారు 63 డిగ్రీలు చేరాలంటారు, నేను 58 దగ్గర దించేశాను, పళ్ళెంలో ఉండగానే మరి కొంత పెరిగింది. వచ్చేవాళ్ళలో గర్భిణులు గానీ పెద్దవాళ్ళు గానీ ఉంటే మాత్రం 63 చూశాకే దించు.

నేను వండింది చెరలో పెంచిన చేప, కొవ్వు ఎక్కువ కనుక ఒక నిమిషం అటూఇటూ అయినా క్షమిస్తుంది. నీకు అక్కడ సముద్రంలో పట్టిన సాకై అనే సాల్మన్ రకం దొరికితే దాని రంగు ఇంకా ఎరుపు, కొవ్వు తక్కువ, ముక్క పలచన, చాలా త్వరగా ఎండిపోతుంది. నా ఆరు నిమిషాలను నమ్మకుండా నాలుగో నిమిషం నుంచే రంగు చూసుకో. ఇక్కడ “ఇండియన్ సాల్మన్” అని అమ్మే రావస్ అసలు సాల్మనే కాదు, తెల్లకండ చేప, అది తెచ్చి ఈ కొలతలతో వండితే నన్ను తిట్టుకోవద్దని మీ పిన్నికి కూడా చెప్పాను.

మూడోసారి వండినది మీ అమ్మ కూడా తిన్నది. కండ నాకు వదిలేసి, పూత కారి కరకరలాడిన తోలు మాత్రం నా పళ్ళెంలోది కూడా తీసుకుంది. పక్కన పెట్టిన సగం పూతను మర్నాడు పెసరట్టులో నంజుకుంది, ఆ సంగతి నీకు రాయవద్దన్నది.

సాకై ఎన్ని నిమిషాలకు దించావో, ముక్క మందం ఎంతో తప్పక రాయి. మా ఇంటి వెనుక సందులోని దుకాణంవాడు వచ్చే నెల అది తెప్పిస్తానంటున్నాడు.

ఇట్లు,
మీ నాన్న